కొత్త బోటింజన్ ఆయిల్ తాగుతోందా? హెడ్డు విప్పే ముందు చూడాల్సినవి

పడవకి కొత్త ఇంజన్ బిగించాక యజమానికి పట్టే మొదటి దిగులు ఆయిల్ గురించే. అప్పో సప్పో చేసి కొన్న ఇంజన్. వారం తిరక్కముందే గేజీ కడ్డీ లాగి చూస్తే ఆయిల్ గీత కిందికి దిగి ఉంటుంది. లీటరు పోస్తాడు. రెండు రోజులకి మళ్లీ తగ్గుతుంది. రేవులో ఉన్నవాళ్లు తలా ఒక మాట అంటారు. రింగులు సరిగా లేవంటాడొకడు, పాతదానికి రంగేసి అంటగట్టారంటాడు ఇంకొకడు. చివరికి హెడ్డు (ఇంజన్ పైమూత) విప్పి చూద్దామనే దగ్గర అందరూ ఒకటవుతారు.

శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు ఉమ్మడి కర్నూలు జిల్లాలో ముచ్చుమర్రి, నెహ్రూనగర్, సంగమేశ్వరం, సిద్ధేశ్వరం దాకా పరుచుకుని ఉంటాయి. వలలు వేసే పడవలు, అవతలి గట్టుకి మనుషుల్ని దాటించే పడవలు ఈ నీళ్ల మీదే బతుకుతున్నాయి. తెడ్డుతో నడిచేవి చాలానే ఉన్నా, డీజిల్ ఇంజన్ పెట్టుకున్నవాళ్లకి ఆ ఇంజనే ఇంటికి ఆధారం. కాబట్టి ఈ ఆయిల్ సంగతి వివరంగా చెప్పుకోవాలి. నా మాట ముందే చెబుతాను. కొత్త ఇంజన్ కొంత ఆయిల్ తాగడం రోగం కాదు. ఎంత తాగుతోంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు కొలతలోనే దొరుకుతుంది. కొలవకుండా స్పానర్ పట్టుకోవడం నష్టం.

ముందు ఇంజన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. లైనర్ అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం. కొత్త లైనర్ గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో దాని మీద అడ్డంగా ఐమూలగా సన్నటి గీతలు పెడతారు. తిరగలికి గంట్లు కొట్టించినట్టే ఇదీ కావాలని చేసే పనే. ఆ గీతల్లో ఆయిల్ నిలిచి గోడని తడిగా ఉంచుతుంది. ఆ గీతల మొనలు, పిస్టన్ చుట్టూ ఉండే కొత్త రింగుల అంచులు ఒకదాన్నొకటి కొద్దికొద్దిగా అరగదీసుకుని చివరికి సరిగ్గా కుదురుకుంటాయి. అలా కుదిరేదాకా రింగుకీ గోడకీ మధ్య సన్నటి సందులుంటాయి. కింద నుంచి ఆయిల్ ఆ సందుల్లోంచి పైకెక్కి డీజిల్‌తో పాటు కాలిపోతుంది. మొదటి గంటల్లో సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ కాస్త కనబడటం ఇందుకే.

రింగులు కుదరాలంటే వాటిని గోడకి గట్టిగా అదిమే బలం కావాలి. రింగుకి సొంతంగా ఉన్న స్ప్రింగు బలం చాలా తక్కువ. అసలు బలం మండే గ్యాసుది. పేలుడు జరిగినప్పుడు గ్యాసు రింగు పైనుంచి దూరి, గాడిలో దాని వెనక్కి చేరి, గోడ వైపుకి తోస్తుంది. ఇంజన్ మీద లోడు ఎంత ఉంటే ఆ తోపు అంత ఉంటుంది. లోడు లేకుండా ఊరికే తిరిగే ఇంజన్‌లో ఆ తోపు నామమాత్రం. అప్పుడు రింగులు గోడ మీద జారుతూ పోతాయి గానీ కుదరవు. గీతల్లో నిలిచిన ఆయిల్ వేడికి మాడి వార్నిష్ పూతలా గట్టిపడుతుంది. గోడ గాజులా నున్నగా తయారవుతుంది. ఆ స్థితికి వచ్చాక ఎంత నడిపినా రింగులు కుదరడం కష్టం, ఆయిల్ తాగడం మానదు. పిస్టన్ బయటికి తీసి, గోడకి మళ్లీ గీతలు కొట్టించి, కొత్త రింగులు వేయించాల్సి వస్తుంది.

మనవాళ్లు కొత్త ఇంజన్‌ని ప్రేమకొద్దీ మెల్లగా నడుపుతారు. అక్కడే దెబ్బ తగిలేది. లారీ అయినా ట్రాక్టరైనా తక్కువ స్పీడులో కూడా ఎత్తుకో బరువుకో కొంత లోడు పడుతుంది. పడవ లెక్క వేరు. ప్రొపెల్లర్ తీసుకునే బలం దాదాపుగా తిరిగే వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లవుతుంది. నిమిషానికి 2000 చుట్లు పూర్తి వేగం అనుకుంటే, 1000 చుట్ల దగ్గర ఇంజన్ మీద పడేది పూర్తి బలంలో ఎనిమిదో వంతే. 1600 దగ్గర సగం. 1800 దాకా పోతే గానీ నూటికి 73 వంతులు రావు. చెవికి సగం స్పీడులా వినబడే ఇంజన్ నిజానికి ఖాళీగా తిరుగుతున్నట్టే లెక్క.

ఇక వల పడవ దినచర్య తీసుకోండి. తెల్లారకముందే బయల్దేరి వలల దగ్గరికి చేరతారు. అక్కడ ఇంజన్ ఆపకుండా ఐడిల్‌లో పెట్టి గంటలకొద్దీ వల లాగుతారు. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనన్న భయం ఒకటి, హ్యాండిల్ తిప్పే శ్రమ ఇంకొకటి. మనుషుల్ని దాటించే పడవలైతే జనం నిండేదాకా రేవులో ఇంజన్ టకటకలాడుతూనే ఉంటుంది. పాత ఇంజన్‌కి ఇది కొంత డీజిల్ దండగ, అంతే. కొత్త ఇంజన్‌కి మొదటి 50 గంటల్లో ఇంతకంటే చెరుపు లేదు. ఆ 50 గంటలూ వల లాగేటప్పుడు ఇంజన్ ఆపి తెడ్డో గడో వాడటం మేలు.

మరి ఎలా నడపాలి? కంపెనీ పుస్తకంలో ఏం రాసుంటే అదే మొదటి మాట. అందులో వివరంగా లేకపోతే చాలా డీజిల్ ఇంజన్లకి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. స్టార్ట్ చేసి, నాలుగైదు నిమిషాలు మెల్లగా తిప్పి, వేడెక్కాక లోడు మీదికి తీసుకెళ్లాలి. పూర్తి వేగంలో నూటికి 80, 90 వంతుల మధ్య నడుపుతూ, వేగాన్ని పది పదిహేను నిమిషాలకోసారి కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు పూర్తి వేగం ఇవ్వొచ్చు. గంటలకొద్దీ ఒకే వేగంలో వదిలేయకూడదు. వేడి గేజీ మీద ఒక కన్నుండాలి.

ఇదే చోట ప్రొపెల్లర్ సంగతీ చూసుకోవాలి. పడవలో మామూలుగా ఉండే బరువంతా ఉంచి పూర్తి థ్రాటిల్ ఇస్తే ఇంజన్ దాని ప్లేటు మీద రాసిన చుట్లని అందుకోవాలి. 2000 రాసున్న ఇంజన్ 1700 దగ్గరే ఆగిపోయి నల్లపొగ కక్కుతుంటే ప్రొపెల్లర్ పెద్దదైందని అర్థం. అది ఇంజన్‌ని మొయ్యలేని బరువు కింద పెట్టినట్టు. పిస్టన్లు మితిమీరి వేడెక్కుతాయి, రింగులు బలం కోల్పోతాయి. పాత పడవ ప్రొపెల్లర్‌నే కొత్త ఇంజన్‌కి తగిలించే చోట ఈ తిప్పలు ఎక్కువ.

ఇక అన్నిటికంటే ఎక్కువగా జనాన్ని తప్పుదోవ పట్టించేది గేజీ కడ్డీ. రాయలసీమలో ఆయిలింజన్ తెలియని రైతు ఇల్లు తక్కువ. కరెంటు రాకముందు చాలా బావుల నీళ్లు తోడింది అవే. బావి గట్టు మీద ఇంజన్ సిమెంటు దిమ్మె మీద సమంగా కూర్చుంటుంది. కడ్డీ మీద గీతలు అలా సమంగా కూర్చున్న ఇంజన్‌కి కొట్టినవి. పడవలో ప్రొపెల్లర్ షాఫ్టు వెనక్కి, కిందికి దిగాలి కాబట్టి ఇంజన్‌ని వెనక్కి వాల్చి బిగిస్తారు. పది డిగ్రీల వాలు చాలా మామూలు. ఆయిల్ మాత్రం లోపల సమంగానే నిలబడుతుంది, వాలేది చుట్టూ ఉన్న సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి.

ఈ తేడా ఎంతో లెక్క వేసి చూడండి. కడ్డీ దిగే రంధ్రం సంపు మధ్య నుంచి 10 సెంటీమీటర్లు ముందుకి ఉందనుకుందాం. పది డిగ్రీల వాలులో అక్కడ ఆయిల్ ఉండాల్సిన దానికంటే పౌనే రెండు సెంటీమీటర్లు కిందికి కనిపిస్తుంది. చాలా చిన్న ఇంజన్ల కడ్డీ మీద పై గీతకీ కింది గీతకీ మధ్య దూరమే రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. అంటే సంపులో నిండుగా ఆయిల్ ఉన్నా కడ్డీ మాత్రం అడుగంటిందని చెబుతుంది. యజమాని పై గీత దాకా పోస్తాడు. అది అవసరానికి మించిన ఆయిల్. తిరిగే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక వైపు దాన్ని తాకి, చిలికి, నురగగా గోడల మీదికి విసురుతుంది. అంత ఆయిల్‌ని రింగులు గీకలేవు. కొంత పైకెక్కి కాలిపోతుంది, కొంత ఆవిరిలా, సంపులో గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపులోంచి పోయి ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరి అటునుంచీ కాలుతుంది. తనకి సరిపడే మట్టానికి దిగాక ఇంజన్ ఆయిల్ తాగడం ఆపేస్తుంది. కడ్డీ మీద అది మళ్లీ తక్కువగానే కనిపిస్తుంది. మళ్లీ పోస్తాడు. ఇంజన్‌లో ఏ తప్పూ లేకుండానే ఈ తిరుగుడు నెలల తరబడి సాగుతుంది.

నెహ్రూనగర్ రేవులో ఒక పడవాయనకీ నందికొట్కూరు నుంచి వచ్చిన మెకానిక్కుకీ మధ్య మాటలు అచ్చం ఇలాగే నడిచాయి.

"అన్నా, మొన్న లీటరు పోసినా. ఈ పొద్దు సూస్తే మళ్లా కిందికే ఉండాది. తాగేస్తాంది అన్నా ఇది."

"పొయ్యకుండా ఇడిసిపెడితే ఎంత దిగుతుందో సూసినావా తమ్ముడూ?"

"ఎట్లిడిసేది? సీజ్ అయితే?"

"ఆ పాత ఆయిలంతా దించుదాం. పుస్తకంలో ఎన్ని లీటర్లు రాసినారో అన్నే కొలిచి పోద్దాం. ఆ మీదట కడ్డీ యాడ తడిస్తే అదే మన గీత."

ఆ మెకానిక్ చేసింది ఎవరైనా చేసుకోగలిగిన పనే. పడవ నీళ్ల మీదే ఉండాలి, గట్టు మీదికి లాగి చేయకూడదు. మామూలుగా ఎక్కే మనుషులు, వలలు, డీజిల్ క్యాను వాటి వాటి చోట్ల ఉండాలి, ఎందుకంటే బరువు ముందుకో వెనక్కో మారితే వాలు మారుతుంది. పాత ఆయిల్ వేడి మీద దించి, ఫిల్టర్ మార్చి, పుస్తకంలో రాసిన లీటర్లు కొలత డబ్బాతో పోశాడు. ఇంజన్‌ని నాలుగు నిమిషాలు తిప్పి ఆపాడు, ఫిల్టర్‌లోకి ఆయిల్ నిండాలి కదా. తర్వాత పావుగంట ఆగాడు. కడ్డీని గుడ్డతో తుడిచి దించి, తడిసిన చోట సన్న ఆకురాయితో ఒక్క గీత గీశాడు. కంపెనీ పై గీతకీ ఆ కొత్త గీతకీ మధ్య బొటనవేలు వెడల్పు ఖాళీ ఉంది. ఇన్నాళ్లూ అంత ఆయిల్ ఎక్కువ పోస్తూ వచ్చారన్నమాట.

కడ్డీ సంపు వెనక భాగంలో దిగే ఇంజన్లలో తప్పు తిరగబడుతుంది. ఆయిల్ తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. ఆయిల్ పంపు గాలి పీల్చి ప్రెషర్ పడిపోతే బేరింగులు నిమిషాల్లో పోతాయి. అందుకే ఏ ఇంజన్‌కైనా, ఆయిల్ తాగినా తాగకున్నా, పడవలో బిగించిన రోజే ఈ గీత కొట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. బిగించే మెకానిక్ చేయకపోతే అడిగి చేయించుకోండి.

కొలవడంలోనూ ఒక వరస ఉండాలి. రోజూ ఒకే వేళ, పొద్దున స్టార్ట్ చేయకముందు, ఒకే బరువుతో, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు చూడాలి. ఇంజన్ ఆపీ ఆపగానే చూస్తే కొంత ఆయిల్ ఇంకా పైనే వేలాడుతూ ఉంటుంది. ఒక నోటుపుస్తకంలో నడిచిన గంటలు, పోసిన డీజిల్, పోసిన ఆయిల్ రాసి పెట్టుకోవాలి. లెక్కంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది.

20 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ముప్పావు లోడు మీద గంటకి మూడు, మూడున్నర లీటర్ల డీజిల్ తాగుతుంది. 50 గంటలకి 160 లీటర్లు అనుకుందాం. రింగులు కుదిరిన మంచి ఇంజన్ సాధారణంగా తాగే డీజిల్‌లో నూటికి 0.1 నుంచి 0.3 వంతు దాకా ఆయిల్ కాలుస్తుంది. అంటే ఆ 160 లీటర్లకి అర లీటరు లోపు. కొత్తలో ఇది నూటికి ఒక వంతు దాకా పోవచ్చు, అంటే లీటరున్నర పైచిలుకు. మొదటి 50 గంటల్లో లీటరు, తర్వాతి 50లో అర లీటరు పట్టిందంటే ఇంజన్ సరైన దారిలో ఉంది. రెండోసారీ లీటరే పట్టిందంటే కారణం వెతకాలి. మూడోసారి పెరిగిందంటే ఆలస్యం చేయకూడదు.

ఆయిల్ పోయే దారులన్నీ లోపలే ఉండవు. పడవ అడుగున చేరిన నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోందంటే ముందు కారుడు చూడాలి. సంపు గాస్కెట్, డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ రబ్బరు రింగు, క్రాంకు వెనక సీలు, ఈ నాలుగూ తుడిచి, కింద పాత కాగితం పరిచి, ఒక ట్రిప్పు తిరిగొస్తే ఎక్కడినుంచి కారుతోందో తెలిసిపోతుంది. బ్రీదర్ పైపు చివర ఒక ప్లాస్టిక్ సీసా కట్టి చూడటం ఇంకో తేలికైన పరీక్ష. సీసా మూతి బిగించకూడదు, గాలి పోయే సందు ఉండాలి. ఒక రోజులో సీసాలో చుక్కలు పడితే ఫరవాలేదు. గుక్కెడు చేరిందంటే ఆయిల్ ఎక్కువ పోశారన్నా అయి ఉండాలి, రింగుల పక్కనుంచి గ్యాసు కిందికి దిగుతోందన్నా అయి ఉండాలి. ఆయిల్ కూలర్ ఉన్న ఇంజన్లలో లోపల గొట్టం చిల్లు పడితే ఆయిల్ చల్లబరిచే నీళ్లతో కలిసి బయటికి పోతుంది. పొగ ఉండదు, పడవలో మరక ఉండదు. పడవ వెనక నీళ్ల మీద నూనె చార మాత్రం కనబడుతుంది.

ఆ చారని తేలిగ్గా తీసుకోకూడదు. మల్యాల దగ్గర హంద్రీ-నీవా తోడి అనంతపురం పంపేది ఈ నీళ్లే. పోతిరెడ్డిపాడు గేట్లలోంచి తెలుగుగంగకి, అటునుంచి చెన్నై దాకా పోయేదీ ఈ నీళ్లే. దించిన పాత ఆయిల్‌ని గట్టు మీద గుమ్మరించకుండా క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వాలి.

వేడి సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎండాకాలం ఇంజన్ కాగిపోతుందన్న భయంతో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా చల్లబరిచే నీళ్లని ఆపే వాల్వు) పీకేయడం ఇక్కడ చాలామంది మెకానిక్కుల అలవాటు. నది నీళ్లు తిన్నగా లోపలికి వచ్చే ఇంజన్‌లో అది తీసేస్తే ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. చల్లటి లైనర్ గోడ మీద డీజిల్ పూర్తిగా కాలక ఆయిల్‌లోకి దిగుతుంది, రింగులూ కుదరవు. కాబట్టి థర్మోస్టాట్‌ని ఉండనివ్వండి. కాగడానికి అసలు కారణం వేరే చోట ఉంటుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీళ్లు బాగా దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులకి పడవలు ఒండ్రు కలిసిన లోతులేని నీళ్లలో నడుస్తాయి. నీళ్లు లోపలికి పీల్చే చోటున్న జల్లెడ బురదతో, నాచుతో మూసుకుపోతుంది, నీళ్ల పంపులో రబ్బరు రెక్కలు అరుగుతాయి. ఆ రోజుల్లో జల్లెడ రోజూ కడగాలి.

నీళ్లు దిగిన చోట ఎండిన ఒండ్రు గాలికి లేచి దుమ్మవుతుంది. పడవ నీళ్ల మీద ఉంటుంది కదా, దుమ్మెక్కడిదని ఎయిర్ ఫిల్టర్ లేకుండా నడిపేవాళ్లున్నారు. రింగుల్ని అన్నిటికంటే త్వరగా తినేసేది దుమ్మే. ఫిల్టర్ లేని ఇంజన్ కొత్తదైనా ఒకే వేసవిలో ఆయిల్ తాగే స్థితికి రావచ్చు.

ఆయిల్ రకం గురించి రెండు మాటలు. పుస్తకంలో 15డబ్ల్యూ-40 (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకె) అని ఉంటే అదే పోయండి. ఎండ ఎక్కువని ఇంకా చిక్కటిది పోస్తే ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, చల్లటి ఇంజన్‌లో అది పైకి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఖరీదైన సింథటిక్ ఆయిల్ మొదటి గంటల్లో వద్దని కొందరు ఇంజన్ తయారీదారులు చెబుతారు. అది మరీ జారుడుగా ఉండి రింగుల కుదురుని ఆలస్యం చేస్తుందని వాళ్ల మాట. మొదటి ఆయిల్ మార్పు మాత్రం పుస్తకంలో చెప్పిన గంటకే, సాధారణంగా 25 నుంచి 50 గంటల మధ్య, తప్పక చేయాలి. కుదురుకునేటప్పుడు రాలిన లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది.

రబ్బరు పడవల వెనక వేలాడే టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజన్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. వాటిలో ఆయిల్‌ని పెట్రోల్‌తో కలిపి కాల్చడమే పద్ధతి. 50కి 1 అని రాసుంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు.

తగ్గడం కంటే భయపడాల్సింది ఆయిల్ పెరగడం. పోయకుండానే కడ్డీ మీద మట్టం పైకి వస్తే ఒక్క గంట కూడా నడపకండి. కడ్డీ వాసన చూడండి. డీజిల్ వాసనతో పల్చగా ఉంటే ఇంజెక్టర్ కారుతోంది, లేదా పంపు సీలు పోయింది, లేదా ఇంజన్ వేడెక్కడం లేదు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. హెడ్ గాస్కెట్ కావచ్చు, కూలర్ కావచ్చు, పొగ గొట్టం ద్వారా వెనక్కి వచ్చిన నీళ్లూ కావచ్చు. ఒకవైపు ఆయిల్ కాలిపోతూ ఇంకోవైపు డీజిల్ చేరుతుంటే మట్టం ఎక్కడిదక్కడే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. వాసన, చిక్కదనం చూసే అలవాటు అందుకే కావాలి.

ఇవన్నీ సరిచూసి, 100, 150 గంటలు సరైన లోడు మీద నడిపినా ఆయిల్ ఖర్చు దిగకపోతే అప్పుడు ఇంజన్‌ని అనుమానించాలి. నడిచేటప్పుడు ఆయిల్ పోసే మూత వదులు చేస్తే గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే రింగుల పని. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ గుప్పుమని వచ్చి తర్వాత తగ్గిపోతే వాల్వు సీళ్ల పని. రీకండిషన్ చేసి బిగించిన ఇంజన్ అయితే రింగులు తలకిందులుగా వేశారేమో, వాటి మూతులన్నీ ఒకే వరసలో పడ్డాయేమో కూడా అడగాలి. కంప్రెషన్ పరీక్ష చేయిస్తే ఏ సిలిండర్‌లో లోపమో తేలుతుంది.

వారంటీ ఉన్న ఇంజన్‌ని మాత్రం ఇంటి దగ్గర విప్పించకండి. స్థానికంగా హెడ్డు విప్పారన్న ఒక్క కారణం చాలు, డీలర్ చేతులు దులుపుకోవడానికి. గంటలూ డీజిలూ ఆయిలూ రాసిన నోటుపుస్తకం, పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని చుట్లు వస్తున్నాయో ఆ అంకె, మొదటి ఆయిల్ మార్పు బిల్లు, ఒక చిన్న సీసాలో ఇప్పటి ఆయిల్, పొగ రంగు కనిపించేలా ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని వెళ్లండి. మెల్లగా నడిపి పాడుచేశారని అంటే నోటుపుస్తకం చూపించండి. ఎక్కువ పోశారని అంటే కొలిచి గీత కొట్టిన కడ్డీ చూపించండి.